కొనని బండిలో ఒక రౌండు

ఇంటి నుంచి, కుట్టుమిషను బల్ల మీద

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. మీ సొరంగం క్యాంపులో ఫోను పలకదు కాబట్టి రాస్తున్నాను గానీ, పలికినా రాసేదాన్నేనేమో. నా బుడ్డోడు పోయిన దగ్గర్నుంచి ఫోను చేత్తో పట్టుకుంటే మాట బదులు ఏడుపే వస్తోంది. కాగితం మీదైతే నేను ఏడ్చినా నీకు వినపడదు.

తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. స్కూలు పిల్లల చొక్కాలు వచ్చాయి, కుడుతున్నాను. నిన్న ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమచేతులే పెట్టి కుట్టేశాను. విప్పి మళ్లీ కుట్టేసరికి పొద్దుపోయింది. నేను పనిచేసిన బట్టల ఫ్యాక్టరీలో అయితే సూపర్‌వైజరు ఆ చొక్కా నాకే తొడిగేవాడు.

ఇంకో సంగతి. మొన్న బుడ్డోడు పనిచేసిన కార్ల షోరూముకి వెళ్లాను. వాడి సామాను అక్కడే ఉందని, అన్నం క్యారేజీ, నీళ్ల సీసా, బూట్లు, వచ్చి తీసుకెళ్లమని మేనేజరు రెండుసార్లు కబురు పెట్టాడు. ఎలాగో ధైర్యం చేసి వెళ్లాను. అద్దాల తలుపు తోయగానే ఒక కొత్త పిల్ల ఎదురొచ్చింది. సన్నగా ఉంది, బూట్లు కొత్తవేమో, కరుస్తున్నట్టు నడుస్తోంది. "రండమ్మా, టెస్ట్ డ్రైవుకేనా?" అంది. నేను "అవును" అన్నాను.

ఎందుకలా అన్నానో నాకే తెలీదు. ఇక్కడ పనిచేస్తూ పోయిన కుర్రాడి తల్లిని, వాడి సామాను కోసం వచ్చాను అని చెప్పాలంటే అంత పొడుగు మాట నోట్లోకి రాలేదు. అవును అన్నది చిన్న మాట కదా, జారిపోయింది.

కొత్తగా వచ్చిన చిన్న ఎస్‌యూవీ అట. కాంపాక్టు అంటారట. బయటికి మామూలు కారంతే ఉంది, ఎక్కితే మాత్రం ఎత్తుగా ఉంది. మోకాళ్లు వంచక్కర్లేదు, బల్ల మీద కూర్చున్నట్టు కూర్చుని కాళ్లు లోపలికి తీసుకోవడమే. సీటు కుట్టు చూశాను. జంట కుట్టు, ఎక్కడా వంకర లేదు. నాకు నడపడం రాదంటే ఆ పిల్లే నడిపింది. ఒక రౌండు వేసి వచ్చేశాను. సామాను మాటే మర్చిపోయాను. మళ్లీ వెళ్లాలి.

చలికి చెవులకి గుడ్డ కట్టుకో.

అక్క

---

సొరంగం క్యాంపు, వంటశాల నుంచి

అక్కా,

నువ్వు కారెక్కావని చదివి ఇక్కడ అందరికీ ఇంకో గరిటె కూర ఎక్కువ వేశాను. ఎందుకని అడిగితే "మా అక్క బయటికొచ్చింది" అన్నాను. ఆస్పత్రి నుంచా అని అడిగాడు డ్రిల్లు మేస్త్రీ. ఇంట్లోంచి అన్నాను. వాడికి అర్థం కాలేదు, కూర మాత్రం తిన్నాడు.

మంచి పని చేశావు. నాలుగు గోడల మధ్య ఆ మిషను చప్పుడు వింటూ ఎన్నాళ్లని కూర్చుంటావు? బుడ్డోడు బతికుండగా నిన్ను ఎన్నిసార్లు రమ్మన్నాడు, ఒక్కసారైనా వెళ్లావా?

ఈ పై మాట రాశాక కొట్టేద్దామనుకున్నాను. కొట్టేస్తే కింద ఏం రాసుందోనని దీపానికి ఎదురుగా పెట్టి చూసే మనిషివి నువ్వు. అందుకని ఉంచేశాను. తప్పయితే తిట్టు.

సామాను తెచ్చుకున్నావా? క్యారేజీ మూత బిగుసుకుపోయి ఉంటుంది, వేణ్ణీళ్లలో పెట్టి తియ్యి.

తమ్ముడు

---

ఇంటి నుంచి

తమ్ముడూ,

ఆ మాట ఉంచి మంచి పని చేశావు. దాని గురించే రాయాలి.

వాడు ఎన్నిసార్లు రమ్మన్నాడో నీకు తెలుసు. "కొనకపోయినా ఫరవాలేదమ్మా, నా పక్కన కూర్చో, ఒక రౌండు వేద్దాం" అనేవాడు. నేనేమో "కొనేవాళ్లు వరసలో ఉంటారు, కొననిదాన్ని నాకెందుకురా, నీ నౌకరీకే మాటొస్తుంది" అనేదాన్ని. పెద్ద నిజాయితీపరురాలిని కదా. కన్నకొడుకు పక్కన కూర్చోవడానికి అడ్డొచ్చిన నిజాయితీ, ఇప్పుడు ఏమైపోయిందో చూడు. మళ్లీ రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ కొనేదానిలాగే బండెక్కాను.

ఎందుకో చెబుతాను. నీకు తప్ప ఎవరికి చెప్పను?

మొదటిరోజు ఊరి బయట రోడ్డు ఎక్కాక ఆ పిల్ల "ఇప్పుడు కళ్లు మూసుకోండమ్మా" అంది. నేను సీటు అంచు పట్టుకున్నాను. "ముందు గుంత ఉంది. బండి దాటుతుంది. దాటినట్టు తెలిస్తే చెప్పండి" అంది.

అది బుడ్డోడి మాట తమ్ముడూ. అక్షరం పొల్లు పోలేదు. షోరూములో చేరిన కొత్తలో సాయంత్రం వచ్చి రెండు కుర్చీలు పక్కపక్కన వేసేవాడు. ఒకదాంట్లో వాడు స్టీరింగు పట్టుకున్నట్టు, ఇంకోదాంట్లో నేను డ్రైవరు పక్క సీటులో ఉన్నట్టు. వాడి చేతిలో పళ్లెం, అదే స్టీరింగు. నేను గడుసు కస్టమరుని. "ఏమయ్యా, బండి బాగుంది గానీ నీ జుట్టేంటి అలా ఉంది?" అనేదాన్ని. వాడు నవ్వాపుకుని "మేడం, కళ్లు మూసుకోండి" అని, నెమ్మదిగా కాలితో నా కుర్చీ కాలు కదిపేవాడు. నేను వెంటనే "ఇదిగో గుంత" అనేదాన్ని. ఎంత మెల్లిగా కదిపినా పట్టేసేదాన్ని. "నీలాంటి కస్టమరొస్తే మా షోరూము తలుపులు వేసుకోవాలమ్మా" అనేవాడు.

వాడి మాటలు ఇంకొకరి నోట్లోంచి వింటే ఎలా ఉంటుందనుకున్నావు? ఒళ్లు మండాలి. మండలేదు. కళ్లు మూసుకుంటే పక్కన వాడే ఉన్నాడు. ఆ పిల్ల గొంతు సన్నం, అయినా మాట వాడిదే, ఆగేచోట ఆగడం వాడిదే. గుంత దాటింది. నాకు శుభ్రంగా తెలిసింది. "తెలియలేదమ్మా" అని అబద్ధమాడాను. ఆ పిల్ల ముఖం ఎంత వెలిగిందని!

వాడి బదులు తీసుకున్న పిల్ల అది. నేనెవరో దానికి తెలీదు. పాపం ప్రతిసారీ నీళ్ల సీసా ఇస్తుంది, ఏసీ చల్లగా ఉందా అంటుంది. నేను కొనేదానిలా రంగులు అడుగుతాను, డిక్కీ తెరవమంటాను. ఇంటికొచ్చి సిగ్గుతో చచ్చిపోతాను. మర్నాటికి మళ్లీ కాళ్లు అటే లాగుతాయి.

సామాను ఇంకా తేలేదు. అడిగితే నేనెవరో తెలిసిపోతుంది. తెలిస్తే ఇంక కళ్లు మూసుకోమని ఎవరంటారు?

అక్క

---

సొరంగం క్యాంపు, వంటశాల నుంచి

అక్కా,

సరుకుల లారీ ఈ వారం నాకు రెండు ఉత్తరాలు తెచ్చింది. ఒకటి నీది. రెండోది ఎవరిదనుకున్నావు? లోపల కారు బొమ్మల కాగితం, దానికి పిన్ను పెట్టి ఒక ఉత్తరం. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, చదువుకో.

"గౌరవనీయులైన సార్ గారికి, నమస్కారం. మీ అక్కగారు మీ కోసం మా కొత్త బండిని మూడుసార్లు ఎక్కి చూశారు. ఆవిడకి లేత నీలం రంగు, సీట్ల కుట్టు బాగా నచ్చాయి. మీరున్న చోట ఫోను పలకదని ఆవిడ ఈ చిరునామా ఇచ్చారు. సెలవుకి వచ్చినప్పుడు ఒక్కసారి మీరు నడిపి చూస్తే బుకింగు చేసుకుందాం. సార్, ఉన్నమాట చెబుతున్నాను, ఈ నెలాఖరులోపు నేను ఒక్క బండైనా అమ్మకపోతే నన్ను ఉంచరు. మీ మీద బరువు పెట్టడానికి ఈ మాట రాయలేదు. రాశాక చూస్తే పెట్టినట్టే ఉంది, క్షమించండి."

అక్కా, నేను కారు ఎప్పుడు కొంటున్నాను? నాకు కూడా ఒక మాట చెప్పాల్సింది. సైకిలు తప్ప తొక్కనివాడిని, నన్ను కస్టమరుని చేశావు, నా చిరునామా ఇచ్చావు, నాకు మాత్రం రాయలేదు. నవ్వొచ్చింది మొదట. చివరి మాటలు చదివాక నవ్వు పోయింది. నువ్వు కళ్లు మూసుకుని ఉన్నంతసేపూ ఆ పిల్ల కళ్లు తెరుచుకుని నీ వైపే చూస్తోంది. నెలాఖరు ఎంతో దూరం లేదు.

నేను రాయగలను, కొనడం లేదమ్మా అని. రాయను. అది నీ నోటితో, దాని ముఖం చూసి చెప్పాల్సిన మాట.

నేనేదో పెద్ద సత్యవంతుణ్ణని అనుకోకు. బుడ్డోడు నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్న సంగతి ఒకటుంది. వాడు చేరిన మొదటి వారం, మేనేజరు ముందు మాట తడబడుతోందని నన్ను దొంగ కస్టమరుగా రమ్మన్నాడు. ఇంజనీరు కోటు అడిగి వేసుకుని వెళ్లాను. వాడు "రండి సార్" అని తలుపు తీశాడు చూడు, ఎత్తుకు పెంచిన మేనమామని, నేనే నమ్మేశాను నేను సారునని. అంతా బాగానే నడిచింది. డిక్కీ తెరిచి చూపిస్తుంటే మాత్రం నోరు ఊరుకోక "ఇందులో పెద్ద డేగిసాలు ఎన్ని పడతాయి?" అన్నాను. మేనేజరు నా వైపు తిరిగాడు. బుడ్డోడు తడుముకోకుండా "సార్‌ది పెద్ద క్యాటరింగు అండీ" అన్నాడు. రోడ్డెక్కాక ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

అప్పుడే అడిగాను, ఈ కళ్లు మూసుకునే విద్య ఎక్కడిదిరా అని. "అమ్మదే మామయ్యా" అన్నాడు. "చిన్నప్పుడు ఫ్యాక్టరీ బస్సులో నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, కళ్లు మూసుకో, ఇప్పుడు ఏ మలుపొచ్చిందో కుదుపుని బట్టి చెప్పు అని ఆడించేది. నేను ఒక్కటీ చెప్పలేకపోయేవాణ్ణి, తను అన్నీ చెప్పేసేది" అన్నాడు.

నువ్వు మర్చిపోయుంటావు. వాడు మర్చిపోలేదు.

వెళ్లి చెప్పు అక్కా.

తమ్ముడు

---

ఇంటి నుంచి

తమ్ముడూ,

నీ పేరు వాడుకున్నందుకు ముందు నన్ను తిట్టు. నీకు రాయాలనే కూర్చున్నాను, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి పెన్ను పక్కకి పోయింది.

వెళ్లాను. చెప్పాను.

ఆ పిల్ల నన్ను చూసి పరిగెత్తుకుంటూ వచ్చింది. "సార్ దగ్గర్నుంచి ఏమైనా కబురొచ్చిందా అమ్మా?" అంది. ఎక్కుదాం పద అన్నాను. ఎక్కాక, తాళం తిప్పబోతుంటే వద్దన్నాను.

"నేను కొననమ్మా. మా తమ్ముడూ కొనడు. వాడు క్యాంపులో వంటవాడు. వాడికి బండి నడపడం కూడా రాదు" అన్నాను.

స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచింది. "మరి మూడుసార్లు ఎందుకొచ్చారు?"

"నీ మాటలు విందామని."

"ఆటలాడుతున్నారా నాతో?" అంది. గొంతు పెరగలేదు, దానికే నాకు భయమేసింది. "పోయినసారి మిమ్మల్ని తిప్పుతున్నప్పుడు ఇంకో కుటుంబం వచ్చింది. నేను లేనని పక్కబల్ల అతను తీసుకెళ్లాడు. నిన్న వాళ్లు బుకింగు చేసేశారు. అది నా బండమ్మా. నాకు రావాల్సిన బండి."

తమ్ముడూ, అంతవరకూ నేను చేసింది అబద్ధం అనుకున్నాను. కాదు, ఒక ఆడపిల్ల చేతిలో ముద్ద లాగేశాను. తల ఎత్తలేకపోయాను. ఎదురుగా బండిలో పాటలు పెట్టే నల్లటి అద్దం పలకలో నా ముఖం కనపడుతోంది, అదీ చూడలేకపోయాను.

"కళ్లు మూసుకోమనడం నీకు ఎవరు నేర్పారు?" అన్నాను.

"మేనేజరుగారు. నా ముందు ఇక్కడ ఒకాయన ఉండేవారట. ఆయనలా చెప్పు అంటారు. ఆయనలా నవ్వు అంటారు. ఆయన ఉంటే ఈపాటికి ఐదు బండ్లు వెళ్లేవి అంటారు. బతికున్నవాళ్లతో అయితే పోటీ పడొచ్చు. పోయినాయనతో ఎలా పడను చెప్పండి?"

"వాడు నా కొడుకు" అన్నాను.

ఆ పిల్ల దిగి, చుట్టూ తిరిగి వచ్చి, నా వైపు తలుపు తీసి పట్టుకుంది. కస్టమరుకి తీసినట్టే తీసింది. నాలుగు తిట్టినా బాగుండేది.

అక్కణ్ణుంచి తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్లాను. ఆ రౌండ్లన్నీ నా తప్పే, పిల్లకి ఇంకో నెల ఇవ్వండి అన్నాను. ఆయన లేచి నిలబడి "మీ అబ్బాయి కోసమైనా ఇస్తానమ్మా" అన్నాడు. ఇచ్చాడు. చూశావా, అక్కడా బుడ్డోడినే అడ్డం పెట్టుకున్నాను. కన్నదాన్ని, వాడు లేకపోయినా వాడి చేతే పని చేయిస్తున్నాను.

బస్సులో ఆట సంగతి నిజంగానే మర్చిపోయాను. నీ ఉత్తరం చదివాక గుర్తొచ్చింది. వాడు ఊరికే కళ్లు మూసుకునేవాడు కాదు, నా చెయ్యి తీసి తన కళ్ల మీద పెట్టుకునేవాడు.

సామాను ఈసారి కూడా తేలేదు. ఇంక ఆ గుమ్మం తొక్కడానికి ముఖం చెల్లదు.

అక్క

---

సొరంగం క్యాంపు, వంటశాల నుంచి

అక్కా,

చెప్పావు కదా. ఇంక పొద్దస్తమానం నిన్ను నువ్వు తినకు. తినడానికి నేను ఇక్కడ వండుతూనే ఉన్నాను, ఎప్పుడైనా రా.

ఆ పిల్లకి నేను కూడా ఒక ఉత్తరం రాశాను. సార్ అని పిలిచినందుకు కృతజ్ఞతలు చెప్పాను. ఈ జన్మలో నన్ను సార్ అన్నది ఇద్దరే, మొదటివాడు మా మేనల్లుడు అన్నాను. డిక్కీలో డేగిసాలు రెండే పడతాయి, అది మాత్రం క్యాటరింగువాళ్లకి చెప్పొద్దు అన్నాను. కింద మీ ఇంటి చిరునామా రాసి, "ఆ విద్య మేనేజరుది కాదు, మా అక్కది. నీకు కావాలంటే అసలు చోటుకే వెళ్లి అడుగు" అన్నాను.

నిన్ను అడక్కుండా నీ చిరునామా ఇచ్చాను. నువ్వు నాది ఇచ్చినప్పుడు నన్నడిగావా?

తమ్ముడు

---

ఇంటి నుంచి, మధ్యాహ్నం

తమ్ముడూ,

నీకు జవాబు రాసి చాలా రోజులైంది. కోపం కాదు, చొక్కాలు ఎక్కువయ్యాయి. ఇంకొకటి, చెప్పాల్సింది జరిగి పూర్తయ్యాక రాద్దామని ఆగాను.

ఆ పిల్ల సెలవురోజు వచ్చింది. గుమ్మం బయటే నిలబడి బుడ్డోడి సంచీ చాపింది. క్యారేజీ తోమి తెచ్చింది, బూట్లు తుడిచి తెచ్చింది. క్యారేజీ మూత తీయబోతే సులువుగా వచ్చేసింది. ఎన్ని తంటాలు పడి తీసిందో. "మీ తమ్ముడుగారు రమ్మన్నారు" అంది. లోపలికి రమ్మన్నాను. వచ్చింది గానీ కూర్చోలేదు.

నేనే రెండు కుర్చీలు వేశాను. వాడి కుర్చీ చూపించి కూర్చోమన్నాను. ఇది తప్పా ఒప్పా, నాకింకా తెలీదు. రాత్రి పడుకుంటే వాడి చోటు నేనే ఎత్తి ఇచ్చేశానా అనిపిస్తుంది. ఇవ్వకపోతే ఆ పిల్ల బతుకు నా మూలంగా పోతుంది. రెండువైపులా తప్పే కనపడుతోంది. ఆ రెండు తప్పుల్లో ఇంకొకరి బతుకు నిలబెట్టేది ఇదొక్కటే అని కూర్చోబెట్టాను.

పళ్లెం దాని చేతికిచ్చాను. "చెప్పు" అన్నాను. చెప్పింది. వింటే తెలిసింది దాని తప్పెక్కడుందో. ముందు గుంత ఉంది అని చెప్పి ఊరుకుంటోంది. చెప్పాక మనిషి బిగుసుకుని కూర్చుంటాడు, బిగుసుకున్న మనిషికి చీమ కుట్టినా తెలుస్తుంది. బుడ్డోడు ఆ మాటలే అనేవాడు గానీ, ఆ వెంటనే గుంత దాటించేవాడు కాదు. కళ్లు మూయించి వాళ్ల పిల్లల గురించి అడిగేవాడు, బడి గురించి అడిగేవాడు. వాళ్లు మాటల్లో పడ్డాక గుంత దాటించి, ఆ తర్వాత చెప్పేవాడు అయిపోయిందండీ అని. మేనేజరు వాడి మాటలు పట్టుకున్నాడు, ఆ మధ్యలో కబుర్లని వదిలేశాడు. మొదటిరోజు బండిలో అదే మాట వాడి నోట విన్నట్టుందని నీకు రాశాను. నేనూ అలాగే విన్నానన్నమాట, మాటల్ని పట్టుకుని మనిషిని వదిలేసి.

ఇదంతా చెప్పాను. నా కుర్చీ కాలు ఎలా కదపాలో కూడా చూపించాను. ఆ తర్వాత వరసగా సెలవు రోజుల్లో వచ్చింది. నేను మళ్లీ గడుసు కస్టమరునయ్యాను. "అమ్మాయీ, బండి బాగుంది గానీ నీ బూట్లు కరుస్తున్నాయా, అలా నడుస్తావేంటి?" అన్నాను. నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వాక వాడి బూట్లు గోడ పక్కన కనపడ్డాయి. లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆ పిల్ల వెనక రాలేదు. కొంచెంసేపయ్యాక అక్కణ్ణుంచే "మేడం, మైలేజీ అడగడం మర్చిపోయారు" అని కేకేసింది. వచ్చి కూర్చున్నాను.

పోయిన వారం ఆ పిల్ల ఒక బండి అమ్మింది. ముసలి మొగుడూ పెళ్లాలట, గుంత దాటుతుంటే మనవడి గురించి చెబుతూనే ఉన్నారట. సాయంత్రం నేరుగా మా ఇంటికే వచ్చింది. "ఉంచుకుంటారట నన్ను" అంది. దాని కొత్త చొక్కా భుజం కుట్టు సరిచేశాను.

నిన్న మళ్లీ వచ్చి "కొనకపోయినా ఫరవాలేదమ్మా, రండి, ఒక రౌండు వేద్దాం. మేనేజరుగారిని అడిగే వచ్చాను" అంది. వాడి మాటే. నేను నేర్పలేదు, ఎవరి నోటనైనా వచ్చే మాటే కదా. అయినా కాసేపు తలుపు పట్టుకుని నిలబడిపోయాను. వాడంటే వెళ్లలేదు, ఇది అంటే వెళ్తున్నాను. ఈ ఒక్కటి నేను పోయేదాకా పోదు తమ్ముడూ, నువ్వెంత ఓదార్చినా పోదు.

వెళ్లాను. కస్టమరుగా కాదు, కొననిదానిగానే ఎక్కాను. ఊరి బయట రోడ్డు మీదికి వచ్చాక కళ్లు మూసుకోమంది. మూసుకోనన్నాను. బట్టలు ఎక్కడ ఆరేస్తావు, మీ అమ్మ ఎప్పుడు లేస్తుంది అని ఆ పిల్ల నన్నడగాల్సిన కబుర్లు నేనే దాన్నడిగాను. చెబుతూ ఉంది. అలా చెబుతున్నప్పుడు దాని గడ్డం మీద చిన్న మచ్చ ఉండటం చూశాను. ఇన్నిసార్లు ఎక్కాను, దాని ముఖం నేను సరిగ్గా చూసింది అప్పుడే.

గుంత దాటింది. "తెలిసిందా?" అంది.

"తెలిసింది. వెనక చక్రం ఎక్కువ దిగింది" అన్నాను.

"అయితే మీకు ఈ బండి అమ్మను పొండి!" అంది మూతి తిప్పుకుని.

ఈ మాట వాడిది కాదు. అచ్చంగా ఆ పిల్లదే.

చెవులకి గుడ్డ కట్టుకుంటున్నావా?

అక్క